పేష్‌కష్ కింద ఉన్న పేరు

గత నెల ఆఫీసులో భోజనాల వేళ, ఈ మధ్య మళ్లీ ‘ధూప్ కినారే’ చూస్తున్నానని ఒక చిన్నవాడితో అన్నాను. 1987 నాటి పాకిస్తానీ ధారావాహిక అనీ, కరాచీలోని ఒక ఆసుపత్రి కథ అనీ చెప్పాను. ఎవరు తీశారని అడిగితే సాహిరా కాజ్మీ అనీ, పాకిస్తాన్ టెలివిజన్ కరాచీ కేంద్రంలో ప్రొడ్యూసర్ అనీ చెప్పాను. అతను మర్యాదగానే, “అంటే డబ్బు పెట్టినావిడ కదండీ, మరి డైరెక్టర్ ఎవరు?” అన్నాడు. అప్పటికి ఒక్క మాటలో సమాధానం చెప్పి ఊరుకున్నాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అతని తప్పేమీ లేదు. సినిమాతో పెరిగిన మనకు ప్రొడ్యూసర్ అంటే నిర్మాత, నిర్మాత అంటే పెట్టుబడి. భానుమతి గారు భరణి సంస్థ పెట్టుకుని సినిమాలు తీసినప్పుడు ఆమె నిర్మాత, దర్శకత్వం వహించినప్పుడు దర్శకురాలు. రెండూ ఆమే చేసినా మన పట్టికలో అవి రెండు వేర్వేరు గళ్లే.

ప్రభుత్వ ప్రసార సంస్థల్లో ఆ పదానికి అర్థం వేరు. మన ఆకాశవాణిలో పనిచేసిన రచయితలకు కూడా ప్రొడ్యూసర్ అన్నది ఉద్యోగం పేరే తప్ప, వారెవరూ ఒక్క రూపాయి మదుపు పెట్టలేదు. పాకిస్తాన్ టెలివిజన్‌లోనూ అంతే. రచయితతో కూర్చుని స్క్రిప్టును సరిచేయించడం, నటులను ఎంచుకోవడం, వారి చేత రిహార్సల్స్ చేయించడం, స్టూడియోలో కెమెరాలు నడుస్తుండగా ప్యానెల్ గదిలో కూర్చుని ఏ క్షణాన ఏ ముఖం తెర మీద కనిపించాలో నిర్ణయించడం, ఏ పాట ఎక్కడ రావాలో చెప్పడం, ఇదంతా ప్రొడ్యూసర్ పని. పేర్ల వరుసలో దానిని ‘పేష్‌కష్’ అనేవారు. ఆ ఉర్దూ మాటకు సమర్పణ అని అర్థం చెప్పుకోవచ్చు గానీ, మన సినిమా టైటిళ్లలో కనిపించే సమర్పణకూ దీనికీ పోలిక లేదు. సాహిరా కాజ్మీ గురించి ఎక్కడ చదివినా ముందు నటి అనీ, తరువాత ఫలానా వారి కూతురు, ఫలానా వారి భార్య అనీ, చివరికి ప్రొడ్యూసర్ అనీ కనిపిస్తుంది. ఈ వరుస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. ఆమె ప్రధానంగా ప్రొడ్యూసర్. మిగతా పరిచయాలు ఎంత నిజమైనా, ఆమె చేసిన అసలు పనిని మన కంటికి కనబడనీయకుండా చేస్తున్నాయి.

అందమైన కథ అడ్డొచ్చినప్పుడు

నేను కూడా ఆమె దగ్గరకు తప్పు దారినే చేరానని ఒప్పుకోవాలి. ఉర్దూ కథకుడు మంటో మీద ఇష్టంతో ఆయన బొంబాయి రోజుల గురించి చదువుతూ, ఆయన ప్రాణ స్నేహితుడైన నటుడు శ్యామ్ గురించి తెలుసుకున్నాను. సియాల్‌కోట్‌లో పుట్టిన శ్యామ్ బొంబాయిలో కథానాయకుడయ్యాడు. బొంబాయిని అంతగా ప్రేమించిన మంటో 1948లో లాహోర్‌కు వెళ్లిపోయాడు. 1951 ఏప్రిల్‌లో ఒక సినిమా చిత్రీకరణలో గుర్రం మీద నుంచి పడి శ్యామ్ చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 31 ఏళ్లు. ఆయన భార్య ముంతాజ్ ఖురేషీ పిల్లలతో పాకిస్తాన్ చేరారు. బొంబాయిలో పుట్టి, తండ్రి పోయేనాటికి ఏడాది పాప అయిన ఆ కూతురే సాహిరా.

ఈ కథ చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అటువైపు పుట్టినవాడు ఇటు పోవడం, ఇటు పుట్టిన బిడ్డ అటు పెరగడం, నడుమ మంటో. విభజన గురించి ఏం చెప్పాలన్నా ఈ ఒక్క కుటుంబం చాలుననిపించింది. కానీ ఏళ్లు గడిచిన కొద్దీ నాకు ఒక అసౌకర్యం మొదలైంది. ఆమె గురించి ఎవరికి చెప్పినా నేను ఈ కథతోనే మొదలుపెడుతున్నాను, వినేవారు అక్కడే ఆగిపోతున్నారు. ఏడాది వయసులో జరిగినది ఆమె పడిన దుఃఖమే కావచ్చు గానీ, ఆమె చేసిన పని కాదు. ఒక మనిషి జీవితమంతా కష్టపడి సంపాదించుకున్న నైపుణ్యం కన్నా, ఆమె ప్రమేయమే లేని ఒక సంఘటన మనకు ఎక్కువ ఇష్టమైపోతే, అది ఆమె పట్ల అన్యాయమే.

నటన సంగతి త్వరగా చెప్పేస్తాను. 1976లో పాకిస్తాన్ టెలివిజన్ తొలి రంగుల ధారావాహిక ‘పర్ఛాయియాన్’ వచ్చింది. హెన్రీ జేమ్స్ నవల ఆధారంగా హసీనా మోయిన్ రాసిన దానిలో సాహిరా, ఆమె భర్త రాహత్ కాజ్మీ నటించారు. 1980లో ‘తీస్రా కినారా’లోనూ ఇద్దరూ కనిపిస్తారు. ఆమె మంచి నటి. గొంతు పెంచకుండా, కళ్లను ఎక్కువగా తిప్పకుండా, ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా నిజంగా వినే నటి. ఆ వినే గుణం గురించి మళ్లీ చెబుతాను, ఎందుకంటే అదే తరువాత ఆమె తీసిన వాటిలో అందరు నటులకూ వచ్చింది.

ఒకే రచయిత్రి, ఒకే నటి

నా వాదానికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. ‘ధూప్ కినారే’ గొప్పతనం హసీనా మోయిన్‌దే కదా, చలాకీ ఆడపిల్లలను పాకిస్తానీ టెలివిజన్‌కు ఇచ్చింది ఆవిడే కదా అంటారు. కాదనను. 1982లో ‘అన్‌కహీ’, 1985లో ‘తన్‌హాయియాన్’ రాసిన చేతులే ఇదీ రాశాయి. అయితే అదే మనకు పరీక్ష పెట్టుకునే వీలు కల్పిస్తోంది. ‘తన్‌హాయియాన్’కు ప్రొడ్యూసర్ షెహ్‌జాద్ ఖలీల్. అందులో మరీనా ఖాన్ ఉంది, ‘ధూప్ కినారే’లోనూ ఆమే ఉంది. రచయిత్రి ఒకరే, నటి ఒకరే, ఊరూ కరాచీయే. మారినది ప్రొడ్యూసర్ మాత్రమే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరి వంతు ఎంతో కొంతైనా తెలుస్తుంది.

‘తన్‌హాయియాన్’ నాకు చాలా ఇష్టం. అందులో మరీనా ఖాన్ చెల్లెలి పాత్రలో ఇల్లంతా తిరుగుతూ నవ్విస్తుంది, ప్రతి మాటకూ ఒక ఎదురు మాట సిద్ధంగా ఉంటుంది, దృశ్యం ఆ మాటల వేగంతోనే నడుస్తుంది. ‘ధూప్ కినారే’లో డాక్టర్ జోయా కూడా అల్లరి పిల్లే. పొట్టి జుట్టు, తెల్ల కోటు, పెద్ద డాక్టర్ వెనక నడుస్తూ చేసే చేష్టలు, అన్నీ ఉన్నాయి. కానీ ఆ మాట అయిపోయిన తరువాత ఏం జరుగుతుందో గమనించండి. కెమెరా ఆమె మీద నుంచి తొలగి, ఆ మాట విన్నవారి మీద నిలుస్తుంది. రాహత్ కాజ్మీ వేసిన డాక్టర్ అహ్మర్ ఏమీ అనడు, కాగితాలు సర్దుకుంటాడు. ఆ సర్దుకోవడంలో అతను నవ్వు ఆపుకుంటున్నాడా, నొచ్చుకున్నాడా అని మనం వెతుక్కుంటాం. ఈ వెతుకులాటకు కావలసిన సమయాన్ని రచయిత్రి ఇవ్వలేదు, అది స్క్రిప్టు కాగితం మీద ఉండదు. ప్యానెల్ గదిలో కూర్చున్న మనిషి, ఇంకో రెండు క్షణాలు ఆగుదాం అనుకుంటేనే అది తెర మీదికి వస్తుంది.

ఇంకో ఉదాహరణ డాక్టర్ షీనా. బదర్ ఖలీల్ వేసిన ఈ పాత్ర ఏళ్ల తరబడి అహ్మర్‌ను మనసులో పెట్టుకుని, పైకి స్నేహితురాలిగానే మెలుగుతుంది. ఇలాంటి స్త్రీని మన ధారావాహికల్లో ఏం చేస్తారో మనందరికీ తెలుసు. ఇక్కడ ఆమె కుట్ర పన్నదు, విషం కక్కదు, త్యాగమూర్తిగా ఊరేగదు. రోగులను చూస్తుంది, టీ తాగుతుంది, తనకన్నా చిన్నదైన జోయాతో మర్యాదగా మాట్లాడుతుంది. ఆమె బాధ మనకు తెలియాలి గనుక ఒకటి రెండు చోట్ల మాత్రం, అందరూ వెళ్లిపోయాక ఇంకాసేపు ఆమె దగ్గరే ఉంటాం. ఈ కథనే 2011లో మన దేశంలో ‘కుఛ్ తో లోగ్ కహేంగే’ పేరుతో హిందీలో తీశారు. పాకిస్తాన్‌లో వారానికొకటి చొప్పున మూడు నెలలకే ముగిసిన కథను ఇక్కడ రోజూ నడిపిస్తూ 2013 వరకు సాగదీశారు. కథ అదే, అందులో పెద్ద డాక్టర్‌గా వేసిన మోహ్‌నీష్ బహల్ మంచి నటుడే. అయినా ఆ రెండు క్షణాల నిరీక్షణ అక్కడ లేదు. ఉండవలసిన చోట వాద్యాల హోరు ఉంది. కథ ఒక్కటే సరిపోతే ఈ తేడా ఎందుకు వస్తుంది?

సంగీతమూ అంతే. ఈ ధారావాహికలో గాయని నయ్యరా నూర్ గొంతులో వామపక్ష ఉర్దూ కవి ఫైజ్ పంక్తులు వినిపిస్తాయి. సైనిక పాలకుడు జనరల్ జియా ఉల్ హక్ వచ్చాక ఫైజ్ దేశం విడిచి కొన్నేళ్లు బీరూట్‌లో గడిపారు, 1984లో కన్నుమూశారు. ఆయన పోయిన మూడేళ్లకు, అదే జియా ఇంకా గద్దె మీద ఉండగా, ప్రభుత్వ టెలివిజన్‌లో ఒక ప్రేమకథ నడుమ ఆయన నాలుగు పాదాలు ప్రతి ఇంటికీ చేరాయి. అవి రాజకీయ పంక్తులు కావు నిజమే. అయినా ఆ కవి పంక్తులు.

నిషేధాలకు ఇచ్చే ఘనత

దీనికి ఆనుకునే నాకు చాలా కాలంగా కోపం తెప్పించే ఒక వాదన ఉంది. జియా కాలపు ఆంక్షల వల్లనే ఆ ధారావాహికలు అంత సున్నితంగా వచ్చాయనీ, తాకకూడదన్నారు గనుక చూపులతో చెప్పడం నేర్చుకున్నారనీ చాలామంది చదువుకున్నవారు కూడా అంటారు. ఆంక్షలు నిజమే. టెలివిజన్‌లో కనిపించే స్త్రీలు తల మీద దుపట్టా కప్పుకోవాలన్నారు. టీవీ వ్యాఖ్యాత మెహతాబ్ చన్నా తల కప్పుకోనని తెరకు దూరమయ్యారు. భార్యాభర్తల పాత్రలు వేసినవారు సైతం ఒకరినొకరు తాకడానికి వీలు లేకపోయింది. అయితే ఆ పదకొండేళ్లలో ఆ నిబంధనల కిందనే తయారై, నీతి బోధలతో నిండి, ఎవరికీ గుర్తు లేకుండా పోయిన కార్యక్రమాలు లెక్కలేనన్ని. నిషేధమే కళను పుట్టిస్తే అవి కూడా కళాఖండాలు కావాలి కదా. గదికి నాలుగు వైపులా గోడలు కట్టినవాడికి, ఆ గదిలో కిటికీ తెరిచినవాళ్ల ఘనత ఇవ్వడాన్ని నేను ఒప్పుకోలేను. పైగా, జియా 1988 ఆగస్టులో విమాన ప్రమాదంలో పోయాడు, ఆంక్షలు సడలాయి. తరువాత సాహిరా తీసినవి అరుపులతో నిండిపోలేదు. సున్నితత్వం ఆమె సొంతం గనుకనే గోడలు పోయినా నిలిచింది.

1990లో ఆమె తీసిన ‘రోజీ’ చూడండి. ఇమ్రాన్ అస్లం రాసినది. వేషాలు దొరకని ఒక నటుడు ఆడవేషంలో అవకాశం సంపాదించుకునే కథ. హాలీవుడ్ సినిమా ఒకదాని నుంచి తెచ్చుకున్నదే. ఆ వేషం వేసిన మొయిన్ అఖ్తర్ అంటే అప్పటికి మిమిక్రీ, వేదిక మీద నవ్వులు. అలాంటి నటుడికి చీర కట్టించి వదిలేస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. ఆమె అతన్ని వదిలేయలేదు. అతను నడిచే నడకలో వెక్కిరింత లేదు. ఉద్యోగం చేసే ఒక నడివయసు స్త్రీని రోజంతా ఎవరెవరు ఎలా చూస్తారో, ఎలా పిలుస్తారో అతని ముఖం మీద చదువుకుంటాం. అంత పేరున్న హాస్యనటుడి చేత హాస్యాన్ని తగ్గింపజేయడం ఎంత కష్టమో నాటకాలు వేయించినవారికి తెలుసు.

మలక్‌పేట మేడ మీద

నేను ‘ధూప్ కినారే’ను మొదట చూసినది 1989లో, హైదరాబాద్ మలక్‌పేటలో మేము అద్దెకున్న ఇంటి మేడ మీది వాటాలో. అక్కడ ఉండే, మేము ఖాలా (పిన్ని) అని పిలిచే ఆవిడకు ఒక అక్క ఉండేది. పెళ్లయి కరాచీ వెళ్లిపోయి, అక్కడి హైదరాబాద్ కాలనీలో స్థిరపడింది. పోలీసు చర్య తరువాత ఇక్కడి నుంచి వెళ్లినవారు కట్టుకున్న పేట అది. ఇప్పటికీ పచ్చళ్లకు పేరు. ఆ అక్క ప్రతి వారం టీవీ నుంచి రికార్డు చేసిన క్యాసెట్లను, వచ్చిపోయే బంధువుల చేతికిచ్చి పంపేది. ఖాలా వీసీఆర్ అద్దెకు తెచ్చి, “రా బేటా, నీకు అర్థం కానిది నేను చెప్తాలే” అని పిలిచేది. నాకు అప్పుడు పద్నాలుగేళ్లు, ఉర్దూ సగమే తెలిసేది.

షీనా వచ్చినప్పుడల్లా ఖాలా, “చూడు, ఈ పిల్లను చెడ్డదాన్ని చేయలేదు” అనేది. నేను ఇప్పుడు ఇన్ని పేరాల్లో చెబుతున్న దానిని ఆమె ఆ ఒక్క మాటలో చెప్పింది. సముద్రం ఒడ్డున తీసిన దృశ్యాలు వస్తే మాత్రం కథ గురించి మాట్లాడేది కాదు. “అప్పా ఇంటికి ఇది ఎంత దూరమో” అని అక్క గురించి అనేది. ఆమె కరాచీ ఎన్నడూ చూడలేదు.

ఆ ఇష్టంతోనే చూస్తూ వచ్చాను గనుక, చాలా ఏళ్లపాటు నాకు కొన్ని ప్రశ్నలు రాలేదు. వచ్చాక మాత్రం తేలిగ్గా పోలేదు. ‘ధూప్ కినారే’ ప్రసారమైన నాటి కరాచీ ఏమిటి? 1986 డిసెంబరులో కస్బా, అలీగఢ్ కాలనీలలో జనాన్ని ఊచకోత కోశారు. 1987 జూలైలో బోహ్రీ బజార్‌లో బాంబులు పేలాయి. ఆ ఊళ్లోని ఏ ఆసుపత్రిలోనైనా వార్డులు ఎలా ఉండి ఉంటాయో చెప్పనక్కర లేదు. ఈ ధారావాహికలోని ఆసుపత్రికి తుపాకి గాయంతో ఎవరూ రారు. డాక్టర్లందరూ మంచి ఇళ్లలో ఉంటారు, కార్లలో వస్తారు, వాళ్ల ఉర్దూలో ఇంగ్లీషు సగం. తనకన్నా ఎంతో చిన్నదైన, తన కింద పని నేర్చుకుంటున్న అమ్మాయితో ఒక సీనియర్ డాక్టర్ ప్రేమను ఇవాళ నేను అప్పటంత హాయిగా చూడలేను. అహ్మర్ ఎంత సంస్కారవంతుడైనా, ఆ అమ్మాయి ఉద్యోగం అతని సంతకం మీద ఆధారపడి ఉంది.

ఊళ్లోని హింస కనిపించకపోవడానికి, ప్రభుత్వ సంస్థలో అది సాధ్యమయ్యేది కాదన్న సమాధానం ఉంది. కానీ నేను నిషేధాలకు ఘనత ఇవ్వనన్న తరువాత, లోపాలను మాత్రం నిషేధాల మీదికి నెట్టడం న్యాయం కాదు. సాహిరా ఆ కథను ఎంచుకుంది, ఆ కథ ఆ ఊరిలోని ఒక చిన్న భాగాన్నే చూసింది. ఈ కొరత నిజమే.

అందుకే నాకు ఆమె తరువాతి పని ముఖ్యంగా కనిపిస్తుంది. 1991లో ‘ఆహట్’, 1993లో ‘నిజాత్’ తీసింది. రెండూ కుటుంబ నియంత్రణ గురించినవి. జనాభా సంక్షేమ శాఖ, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు కార్యక్రమం వెనుక ఉన్నాయి. ఈ మాట వినగానే మనకు ఆసక్తి పోతుంది. నాకూ పోయింది, చాలాకాలం వాటిని చూడలేదు. ప్రచార నాటకం అంటే మొదటి దృశ్యంలో సమస్య, చివరి దృశ్యంలో నర్సు వచ్చి ఉపన్యాసం. ‘ఆహట్’ను హసీనా మోయిన్ రాస్తే, సానియా సయీద్ నటించింది. కొడుకు కోసం ఎదురుచూసే ఇంట్లో వరుసగా ఆడపిల్లలను కంటున్న భార్య. అందులో నన్ను పట్టుకున్నది సందేశం కాదు. భర్త దుర్మార్గుడు కాదు, అత్త రాక్షసి కాదు. అందరూ తమ తమ లెక్కలో మంచివారే, ఆ మంచితనాల మధ్య ఆ స్త్రీ శరీరం అరిగిపోతుంది. భార్యాభర్తలు ఈ సంగతి ఒకరితో ఒకరు నోరు తెరిచి మాట్లాడుకోవడమే అక్కడ పెద్ద సంఘటన. ఆ సంభాషణ దగ్గరకు రావడానికి ఆమె తీసుకున్న వ్యవధి, ‘ధూప్ కినారే’లో అహ్మర్ కాగితాలు సర్దుకున్న వ్యవధి ఒకటే రకానివి.

అసగర్ నదీం సయ్యద్ రాసిన ‘నిజాత్’ కరాచీ సంపన్నుల హాలులో నుంచి బయటికి నడిచింది. హుమా నవాబ్, సాజిద్ హసన్ పేద దంపతులుగా కనిపిస్తారు. మునుపు ‘ధూప్ కినారే’లో నవ్వుల డాక్టర్ ఇర్ఫాన్‌గా చూసిన సాజిద్ హసన్‌ను ఇక్కడ గుర్తుపట్టడానికి నాకు కొంత సమయం పట్టింది. సందేశం అక్కడక్కడా పైకి తేలుతుంది, దానిని దాచలేను. కొన్ని సంభాషణలు కరపత్రంలోనివే. అయినా, విదేశీ నిధులూ ప్రభుత్వ శాఖా కలిసి అప్పజెప్పిన పనిలో కూడా మనుషులను మనుషులుగానే ఉంచడం ఆమె చేయగలిగింది. స్వేచ్ఛగా ఎంచుకున్న కథలో కన్నా, అప్పజెప్పిన కథలోనే ఒక ప్రొడ్యూసర్ చేయి బాగా తెలుస్తుందని ఇది చూశాకే నాకు అనిపించింది.

క్యాసెట్లు

2016లో ఇక్కడి జిందగీ ఛానల్ పాకిస్తానీ ధారావాహికలను ఆపేసింది. 2025 మే నెల తరువాత ఓటీటీల నుంచీ అవి పోయాయి, అక్కడి వినోద చానళ్లు యూట్యూబ్‌లో ఇక్కడ తెరుచుకోవడం మానేశాయి. ఆఫీసులోని ఆ చిన్నవాడికి పంపుదామంటే లంకె ఏదీ పనిచేయలేదు. చివరికి ఖాలా కూతురికి ఫోన్ చేశాను. ఖాలా పోయి చాలా ఏళ్లయింది. ఆమె దాచిన క్యాసెట్లు ఒక రేకు పెట్టెలో ఇంకా ఉన్నాయి. బూజు పట్టినవి పట్టగా నాలుగు ఆడాయి. వాటి మీద ఖాలా చేతిరాతలో ఉర్దూలో అంకెలు, పక్కన ‘మరీనా’ అన్న పేరు ఉన్నాయి.

పనిచేసే వీసీఆర్ ఒకటి సంపాదించి వాటిని చూస్తుండగా ఇంతకు ముందెన్నడూ గమనించని సంగతి ఒకటి కనిపించింది. కరాచీలోని ఆ అక్క టేపు ఆదా చేయడానికి మొదటి దృశ్యంతో రికార్డింగ్ మొదలుపెట్టి, చివరి దృశ్యం అయిపోయి పేర్లు పడుతుండగానే ఆపేసేది. నటుల పేర్లు వస్తాయి, రెండు మూడు సాంకేతిక నిపుణుల పేర్లు వస్తాయి, తెర మీద గీతలు పడి మరుసటి వారం భాగం మొదలైపోతుంది. నాలుగు క్యాసెట్లలోనూ అంతే. పేష్‌కష్ అన్న మాట దాకా ఏ భాగమూ చేరలేదు. ఆ పేరు మలక్‌పేట దాకా రానే లేదు.